ఎవరికి తెలిసింది, ఎవరు చెప్పారు? నిర్ధారణ లేని ఆరోపణలు వార్తలయ్యే తీరు

“ఆ నేతకు ఈ కుంభకోణంతో సంబంధాలు ఉన్నట్లు తెలుస్తోంది.” వార్తలు చదివే అలవాటున్న ఎవరికైనా ఇలాంటి వాక్యం కొత్త కాదు. కానీ ఒకసారి విప్పి చూస్తే ఇందులో కర్త కనిపించడు. తెలిసింది ఎవరికి? చెప్పింది ఎవరు? చెప్పినవాళ్లకు ఎలా తెలుసు? ఒక్కదానికీ జవాబు లేదు. “ఉన్నాయి” అనకుండా “ఉన్నట్లు” అనడంతో రాసినవాళ్లు ఒక అడుగు వెనక్కి జరిగారు. “తెలుస్తోంది”తో ఇంకో అడుగు. రేపు అది అబద్ధమని తేలితే “ఉన్నాయని మేమెక్కడ అన్నాం, ఉన్నట్లు తెలుస్తోందన్నాం, అంతే” అని తప్పుకోవచ్చు. చదివినవాళ్లకు ఆ రెండడుగులూ గుర్తుండవు. నేత పేరు, కుంభకోణం పేరు, ఈ రెండే మనసులో పక్కపక్కన కూర్చుంటాయి.

రాజకీయ నాయకుల మీద నిరాధార ప్రచారం గురించి మాట్లాడితే చర్చంతా అబద్ధాల చుట్టూనే తిరుగుతుంది. మార్ఫింగ్ ఫొటోలు, నకిలీ లేఖలు, డీప్‌ఫేక్ వీడియోలు. అవి ఉన్నాయి, ప్రమాదకరమే. అయితే పరువు తీయడానికి అబద్ధం ఆడాల్సిన పనే లేదు. ఒక ఆరోపణను ఎంత ఆధారం ఉంటే అచ్చు వేయొచ్చు అన్న కొలత ఒకరికి ఒకలా, ఇంకొకరికి ఇంకోలా ఉంటే చాలు. ఇష్టమైన నాయకుడి మీద ఆరోపణ వస్తే “పత్రాలేవి?” అని అడిగే న్యూస్ డెస్కు, గిట్టని నాయకుడి మీద వస్తే “ఎవరో అన్నారుగా, చాలు” అంటుంది. రెండు వార్తల్లోనూ ఒక్క అబద్ధమూ ఉండకపోవచ్చు. పక్షపాతం అసలు మకాం వేసేది అక్కడే, ఆధారం అడగడంలో.

పూచీ లేని మాటలు

ఈ భాషకు సొంతంగా ఒక నిఘంటువే ఉంది. “విశ్వసనీయ వర్గాల సమాచారం”, “రాజకీయ వర్గాల్లో జోరుగా చర్చ”, “గుసగుసలు వినిపిస్తున్నాయి”, “విమర్శలు వెల్లువెత్తుతున్నాయి”. వెల్లువ అంటే ఎంతమందో ఎవరూ చెప్పరు. “వర్గాలు” అనే బహువచనం వెనక చాలాసార్లు ఉండేది ఒకే మనిషి, ఆ ఒక్కరూ ప్రత్యర్థి శిబిరం మనిషి కావచ్చు. వీటన్నిటిలోకీ తెలివైన మాట “సోషల్ మీడియాలో వైరల్ అవుతోంది”. ఎందుకంటే అది అక్షరాలా నిజం. పోస్టు వైరల్ అవుతున్న మాట వాస్తవమే. అందులో ఉన్నది వాస్తవమా కాదా అన్నది మాత్రం వార్త పట్టించుకోదు. పైగా వార్త వచ్చాక ఆ పోస్టు ఇంకా తిరుగుతుంది, దాంతో “వైరల్” అన్న మాట ఇంకాస్త నిజమవుతుంది. తనను తానే నిజం చేసుకునే వార్త ఇది.

పేరు చెప్పలేని మనుషుల మీద ఆధారపడడమే తప్పని కాదు. అధికారంలో ఉన్నవాళ్ల తప్పులను బయటపెట్టిన పెద్ద కథనాల్లో చాలావాటి వెనక అలాంటి మనిషి ఉన్నాడు. 1970లలో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ పదవికి ఎసరు పెట్టిన వాటర్‌గేట్ వ్యవహారంలో వాషింగ్టన్ పోస్ట్ పత్రికకు సాయపడిన “డీప్ త్రోట్” అప్పట్లో ఎఫ్‌బీఐలో రెండో స్థానంలో ఉన్న మార్క్ ఫెల్ట్ అని 2005 దాకా లోకానికి తెలియలేదు. కానీ ఆయన ఎవరో విలేకరికి తెలుసు. ఆయన చెప్పే సంగతులు ఆయనకు తెలిసే అవకాశం ఉన్న కుర్చీలో ఆయన కూర్చున్నాడు. ఆయన మాటను విలేకరులు మరో చోట సరిచూసుకునేవారు. పేరు దాచడం వేరు, అసలు మనిషే లేకుండా “వర్గాలు” అనడం వేరు.

ఇక శీర్షిక చివర పెట్టే ప్రశ్నార్థకం సంగతి. “ఆ మంత్రికి మాఫియాతో లింకులు?” అని రాసి, ఇది ఆరోపణ కాదు, ప్రశ్న మాత్రమే అనడం పాత అలవాటు. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ వెగ్నర్, ఆయన సహచరులు 1981లో సరిగ్గా దీన్నే పరీక్షించి చూశారు. కొందరికి నేరుగా నిందించే శీర్షికలు, కొందరికి ప్రశ్న రూపంలో ఉన్నవి, కొందరికి “సంబంధం లేదు” అని ఖండించేవి చూపించారు. ప్రశ్న చదివినవాళ్లకు ఆ వ్యక్తి మీద కలిగిన చెడు అభిప్రాయం, నేరుగా నింద చదివినవాళ్లకు కలిగినదానికి దగ్గర్లోనే ఉంది. ఖండన చదివినవాళ్లలో కూడా ఎంతో కొంత మచ్చ మిగిలింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. నేరుగా నిందించినప్పుడు ఆ మాట ఏ పత్రికదో జనం చూస్తారు, నమ్మదగినది కాకపోతే ఆ నింద బలం తగ్గుతుంది. ప్రశ్న విషయంలో ఆ తగ్గుదల అంతగా లేదు. అంటే పరపతి లేని పత్రికకు ప్రశ్నార్థకం మరీ లాభసాటి. (ఈ వ్యాసం శీర్షికలోనూ ఒక ప్రశ్నార్థకం ఉందని పాఠకులు ఈపాటికి గమనించే ఉంటారు. కాకపోతే అందులో ఎవరి పేరూ లేదు.)

ఒక్క ఫొటో చూపించి ఉంటే

పక్షపాతం ఉన్న చిన్న పత్రికలే ఇలాంటి తప్పులు చేస్తాయనుకుంటే పొరపాటు. 2012 నవంబరు 2న బీబీసీ “న్యూస్‌నైట్” కార్యక్రమం ఒక కథనం ప్రసారం చేసింది. ఉత్తర వేల్స్‌లోని ఒక బాలల సంరక్షణ గృహంలో దశాబ్దాల కిందట తన మీద లైంగిక దాడి జరిగిందని, చేసినవారిలో మార్గరెట్ థాచర్ ప్రధానిగా ఉన్న కాలం నాటి ప్రముఖ కన్సర్వేటివ్ నాయకుడు ఒకరున్నారని ఒక బాధితుడు చెప్పాడు. బీబీసీ ఆ నాయకుడి పేరు చెప్పలేదు. జాగ్రత్త పడ్డామనుకుంది.

నిజానికి ఆ జాగ్రత్తే కొంప ముంచింది. పేరు చెప్పకపోవడంతో అదొక పొడుపు కథ అయింది. ప్రసారం కాకముందే ఒక పెద్ద నాయకుడి గుట్టు రట్టు కాబోతోందని ట్విటర్‌లో ఊరించారు. ప్రసారమయ్యాక జనం విప్పడం మొదలుపెట్టారు. పార్టీ మాజీ కోశాధికారి లార్డ్ మెకాల్పైన్ పేరు వేల ట్వీట్లలో తిరిగింది. నవంబరు 8న ఐటీవీ ఛానల్‌లో ఒక యాంకర్ ఇంటర్నెట్‌లో దొరికిన పేర్ల జాబితాను ఏకంగా ప్రధాని డేవిడ్ కామెరాన్ చేతికిచ్చాడు. అందులోని పేర్లు కెమెరాకు క్షణకాలం కనిపించాయి. మర్నాటికి అసలు సంగతి తేలింది. బాధితుడు పొరబడ్డాడు. మెకాల్పైన్ ఫొటో చూపిస్తే “ఇతను కాదు” అని ఆ బాధితుడే చెప్పి క్షమాపణ కోరాడు. ప్రసారానికి ముందు ఆ ఫొటో ఆయనకు ఎవరూ చూపించలేదు. మెకాల్పైన్‌కు ఫోన్ చేసి వివరణ అడిగినవాళ్లూ లేరు. పేరే చెప్పడం లేదు కదా, అడగడం ఎందుకు అనుకున్నారు కాబోలు.

బీబీసీ 1,85,000 పౌండ్లు, ఐటీవీ 1,25,000 పౌండ్లు పరిహారం కట్టాయి. బీబీసీ డైరెక్టర్ జనరల్ జార్జ్ ఎంట్‌విజిల్ ఆ కుర్చీలోకి వచ్చిన 54 రోజులకే రాజీనామా చేశాడు. కామన్స్ సభ స్పీకర్ భార్య శాలీ బెర్కో “లార్డ్ మెకాల్పైన్ ఎందుకు ట్రెండ్ అవుతున్నాడు?” అని అమాయకంగా మొహం పెట్టి అడిగినట్లు ఒక ట్వీట్ చేసింది. అది పరువు నష్టమేనని 2013 మేలో హైకోర్టు తేల్చింది. కేవలం ప్రశ్నే అడిగామన్న వాదన అక్కడ నిలవలేదు.

ఈ ఉదంతంలో అందరూ దాటిపోయే సంగతి ఒకటుంది. అంతకు ఏడాది ముందు, 2011 చివర్లో, ఇదే న్యూస్‌నైట్ తమ సంస్థలోనే దశాబ్దాలు పనిచేసిన జిమ్మీ సావిల్ అనే టీవీ ప్రముఖుడి లైంగిక నేరాల మీద విచారణ జరిపి, ఆ కథనాన్ని పక్కన పెట్టేసింది. ఆ కథనం నిజమైనదే. 2012 అక్టోబరులో వేరే ఛానల్ దాన్ని బయటపెట్టాక బీబీసీ మొహం చెల్లని స్థితిలో పడింది. నిజమైన కథను తొక్కిపెట్టారన్న నింద మెడకు చుట్టుకున్నవాళ్లు, కొన్ని వారాలకే, సరిచూసుకోని కథను ప్రసారం చేశారు. ఇందులో పార్టీ పక్షపాతం వెతికితే దొరక్కపోవచ్చు. మనం వెనకబడ్డాం, ఈసారి వదలకూడదు అన్న టెన్షన్ దొరుకుతుంది. ఆధారం అడిగే కొలత మారిపోవడానికి ఆ టెన్షన్ చాలు.

ఒకే పత్రిక, రెండు కొలతలు

కొలత మారడం ఎంత మామూలుగా జరిగిపోతుందో చూడాలంటే ఆల్బర్ట్ రేనాల్డ్స్ కేసు చూడాలి. 1994 నవంబరులో ఐర్లండ్ ప్రధాని పదవికి ఆయన రాజీనామా చేశారు. సండే టైమ్స్ పత్రిక బ్రిటన్ ఎడిషన్‌లో ఆయన పార్లమెంటును తప్పుదోవ పట్టించారన్న అర్థం వచ్చేలా ఒక కథనం వేసింది. ఆయన సభలో ఇచ్చిన వివరణ ఒక్క ముక్క కూడా అందులో లేదు. అదే రోజు, అదే పత్రిక, ఐర్లండ్ ఎడిషన్‌లో మాత్రం అదే విషయం మీద వేరే కథనం, ఇంకా వివరంగా, వేసింది. ఐర్లండ్ పాఠకులకు జరిగింది తెలుసు కాబట్టి అక్కడ ఒకలా, తెలియని బ్రిటన్ పాఠకులకు ఇంకోలా.

ఆయన దావా వేస్తే జ్యూరీ పైసా కూడా ఇవ్వలేదు, జడ్జి ఒక్క పెన్నీ ఇచ్చాడు. కేసు మాత్రం 1999లో, అప్పట్లో బ్రిటన్ అత్యున్నత న్యాయస్థానమైన హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా వెళ్లి చరిత్రకెక్కింది. ప్రజలకు సంబంధించిన విషయాన్ని పత్రిక బాధ్యతగా రాస్తే, తర్వాత తప్పని తేలినా రక్షణ ఉండాలని లార్డ్స్ ఒప్పుకున్నారు. బాధ్యతగా రాయడమంటే ఏమిటో తేల్చడానికి న్యాయమూర్తి లార్డ్ నికల్స్ పది అంశాలు చెప్పాడు. ఆరోపణ ఎంత తీవ్రమైనది, చెప్పినవాళ్లకు స్వయంగా తెలుసా, వాళ్లకు సొంత కక్ష ఏమైనా ఉందా, సరిచూసుకోవడానికి ఏం చేశారు, అంత తొందర ఎందుకు, అవతలి మనిషి వివరణ అడిగారా, కనీసం దాని సారాంశమైనా ఇచ్చారా, రాసిన స్వరం ఏమిటి. ఇలాంటివి. కోర్టు తీర్పులో ఉన్నా, ఇవి ఏ న్యూస్ రూమ్ గోడకైనా అంటించుకోదగ్గ ప్రశ్నలు. సండే టైమ్స్ ఈ పరీక్షలో నెగ్గలేకపోయింది. కారణం చిన్నదే, ఆయన వివరణ వేయకపోవడం.

పాఠకులు సొంతంగా చేసుకోగల పరీక్ష ఇంకోటి ఉంది. వార్తలో నాయకుడి పేరు తీసేసి ప్రత్యర్థి పార్టీ నాయకుడి పేరు పెట్టి చదవడం. అప్పుడు కూడా ఇది మొదటి పేజీ వార్తేనా? ఇంతే ఆధారంతో ఇదే పత్రిక ఇలాగే రాసేదా? సమాధానం “లేదు” అయితే కొలత మారినట్టే. ఈ పరీక్షకు ఇంకో సగం కూడా ఉంది, అది కష్టం. ఇవాళ రాని వార్తను పట్టుకోవడం. గిట్టినవాళ్ల మీద వచ్చిన ఆరోపణను వేయకపోతే అది ఎక్కడా కనిపించదు, దానికి ఎవరూ దావా వేయలేరు, ఫ్యాక్ట్ చెక్ చేయలేరు. ఒకే రోజు రెండు మూడు పత్రికలు పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప ఆ ఖాళీ బయటపడదు. యజమానుల వ్యాపారాలు, ప్రభుత్వ ప్రకటనలు, పార్టీలతో చుట్టరికాలు పనిచేసేది ఎక్కువగా ఈ ఖాళీలోనే.

లీకులు, డైరీలు, అంకెలు

దర్యాప్తు సంస్థల నుంచి వచ్చే లీకుది ప్రత్యేకమైన స్థానం. కాగితం మీద సర్కారు ముద్ర ఉంటుంది కాబట్టి సరిచూసుకోవాలన్న ఆలోచనే రాదు. కానీ లీకు ఇచ్చేవాళ్లు ఏ పేజీ ఇవ్వాలో, ఏ పత్రికకు ఇవ్వాలో, ఎప్పుడు ఇవ్వాలో ఎంచుకునే ఇస్తారు. ఇవ్వని పేజీలో ఏముందో విలేకరికి తెలియదు. అడిగితే రేపటి లీకు పక్క పత్రికకు పోతుంది.

ఎఫ్‌ఐఆర్ అంటే ఫిర్యాదు నమోదైందని. రిమాండ్ రిపోర్టు అంటే నిందితుణ్ని కస్టడీలో ఉంచాలని పోలీసులు చేసే వాదన. ఛార్జిషీట్ అంటే దర్యాప్తు సంస్థ తన వైపు నుంచి చెప్పే కథ. నేరం రుజువు కావడం వీటన్నిటి తర్వాత మాట. కానీ “రిమాండ్ రిపోర్టులో సంచలన నిజాలు” అన్న శీర్షిక ఈ మెట్లన్నీ ఒక్క దూకులో దాటేస్తుంది. పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారం నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి చెల్లదని బ్రిటిష్ కాలం నాటి భారత సాక్ష్య చట్టం చెప్పింది, 2024 జులైలో దాని స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం కూడా అదే చెబుతోంది. కోర్టు నమ్మని ఆ కాగితమే శీర్షికల్లో “ఒప్పుకున్నాడు” అవుతుంది. ఏ1, ఏ2 అనేవి కేసులో నిందితుల వరస సంఖ్యలు మాత్రమే. అవి మనుషులకు బిరుదుల్లా అతుక్కుపోయి, కేసు కొట్టేశాక కూడా వదలవు.

1990ల నాటి జైన్ హవాలా వ్యవహారం ఇక్కడ గుర్తుకు రావాలి. 1991లో సీబీఐ సోదాల్లో కొన్ని డైరీలు, విడి కాగితాలు దొరికాయి. వాటిలో పొడి అక్షరాలు, పక్కన అంకెలు. ఆ పొడి అక్షరాలు దేశంలోని పెద్ద పెద్ద నాయకులవని, అంకెలు వాళ్లకు ముట్టిన డబ్బని 1996 జనవరిలో సీబీఐ ఛార్జిషీట్లు వేయడం మొదలుపెట్టింది. ఎల్.కె. అద్వానీ లోక్‌సభ సభ్యత్వానికి రాజీనామా చేసి, మచ్చ పోయేదాకా పోటీ చేయనన్నారు. 1997లో ఢిల్లీ హైకోర్టు అభియోగాలు కొట్టేసింది. 1998లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. విడి కాగితాలు లెక్కల పుస్తకాలు కావు, పైగా ఒకరి పుస్తకంలో రాసుకున్న అంకె, వేరే రుజువు లేకుండా, ఇంకొకరి మీద నేరం మోపడానికి చాలదు అన్నది సారాంశం.

అయితే ఆ వార్త రాయకూడనిదా? అలా అనడం అన్యాయం. దర్యాప్తు ఏళ్ల తరబడి మూలన పడి ఉంటే, 1993లో ఒక జర్నలిస్టు, వినీత్ నారాయణ్, సుప్రీంకోర్టుకు వెళ్లబట్టే అది కదిలింది. కోర్టులో నిలవకపోవడానికి ఆధారాలు లేకపోవడం కారణమా, ఆధారాల కోసం సకాలంలో వెతక్కపోవడం కారణమా అన్న అనుమానం ఇప్పటికీ ఉంది. కాబట్టి రాయాల్సిందే. కాకపోతే “ఫలానా నేతకు ఇంత ముట్టింది” అని కాదు. “డైరీలో ఈ అక్షరాలు ఉన్నాయి, అవి ఫలానా వారివని సీబీఐ అంటోంది, ఆయన కాదంటున్నారు” అని. రెండో వాక్యం పొడుగు. శీర్షికలో పట్టదు. వార్తా ప్రపంచంలో సగం అన్యాయాలు శీర్షికలో పట్టకపోవడం వల్లే జరుగుతుంటాయి.

బోఫోర్స్‌లోనూ ఇదే గీత ఉంది. ఫిరంగుల ఒప్పందంలో కమీషన్లు చెల్లించారన్నది 1987లో స్వీడన్ రేడియో బయటపెట్టిన సంగతి, తర్వాత పత్రాలతో అచ్చయిన సంగతి. ఆ డబ్బు రాజీవ్ గాంధీకి చేరిందన్నది వేరే వాక్యం. 2004లో, ఆయన చనిపోయిన దాదాపు పదమూడేళ్లకు, ఢిల్లీ హైకోర్టు ఆయన మీద లంచం అభియోగాన్ని కొట్టేసింది. మొదటి వాక్యం నిజం కావడం వల్ల రెండోది నిజమైపోదు, రెండోది రుజువు కాకపోవడం వల్ల మొదటిది అబద్ధమూ కాదు. ఎన్నికల వేదికల మీద ఈ రెండు వాక్యాలనూ విడదీసి మాట్లాడిన వాళ్లు తక్కువ.

“ఇదంతా దుష్ప్రచారం” అనేవాళ్లు

నాయకులు ఈ మొత్తం వాదనను ఎత్తుకుపోయే ప్రమాదం ఉంది. తమ మీద వచ్చిన ప్రతి కథనాన్నీ “పచ్చి అబద్ధం, ఎల్లో జర్నలిజం” అని కొట్టిపారేయడానికి ఇది పనికొస్తుంది. వాటర్‌గేట్ చోరీని నిక్సన్ ప్రతినిధి రాన్ జీగ్లర్ “నాసిరకం దొంగతనం” అని తీసిపారేశాడు. 1973 మేలో అదే మనిషి వాషింగ్టన్ పోస్ట్‌కు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది. బ్రిటన్ మంత్రి జొనాథన్ ఐట్‌కెన్ ఇంకా నాటకీయంగా, “సత్యమనే కత్తి” పట్టి గార్డియన్ పత్రిక మీద యుద్ధం చేస్తానని 1995లో ప్రకటించి దావా వేశాడు. ఆయన పారిస్ హోటల్ బిల్లు వేరేవాళ్లు కట్టారన్నది ఆరోపణ, తన భార్యే కట్టిందన్నది ఆయన వాదన. ఆ రోజుల్లో ఆమె స్విట్జర్లండ్‌లో ఉన్నట్లు విమాన టికెట్ల రికార్డులు బయటపడడంతో 1997లో కేసు కుప్పకూలింది. 1999లో అబద్ధపు సాక్ష్యం నేరానికి జైలుకు వెళ్లాడు. గార్డియన్‌ను కాపాడింది పాత టికెట్ల కాగితాలు. “వర్గాల సమాచారం” అయితే ఆ కోర్టులో పావుగంట కూడా నిలిచేది కాదు.

వాటర్‌గేట్‌లోనే దీనికి అద్దం పట్టే ఉదంతం ఇంకోటి ఉంది. 1972 అక్టోబరులో వాషింగ్టన్ పోస్ట్, నిక్సన్ కుడిభుజం హాల్డెమన్ రహస్య నిధిని నడిపాడని ఒక సాక్షి గ్రాండ్ జ్యూరీ (కేసు నడపాలా వద్దా తేల్చే పౌరుల బృందం) ముందు చెప్పాడని రాసింది. హాల్డెమన్ విషయం నిజమే. కానీ సాక్షి ఆ మాట గ్రాండ్ జ్యూరీ ముందు చెప్పలేదు, అక్కడ ఆయనను ఎవరూ అడగలేదు. అంతే, వైట్ హౌస్ మొత్తం కథనాన్నే అబద్ధమని ఊదరగొట్టింది. ఎన్నికలకు రెండు వారాలే ఉంది. నిజమైన కథలో ఒక్క సరిచూసుకోని మాట దొర్లితే, లాభపడేది తప్పు చేసినవాడే. నిర్ధారణను నాయకుల పరువు కాపాడే మర్యాదగా చూసేవాళ్లు ఈ సంగతి మర్చిపోతారు. అది మొదట విలేకరికే కవచం.

చట్టం దగ్గర

చట్టాలు ఈ గీతను ఒక్కో దేశంలో ఒక్కో చోట గీశాయి. అమెరికా సుప్రీంకోర్టు 1964లో న్యూయార్క్ టైమ్స్ వర్సెస్ సల్లివన్ కేసులో పత్రికల వైపు బాగా మొగ్గింది. ప్రజాపదవిలో ఉన్న వ్యక్తి పరువు నష్టం గెలవాలంటే, రాసినవాళ్లకు అది అబద్ధమని తెలిసే రాశారనో, నిజమో కాదో అన్న చింతే లేకుండా రాశారనో రుజువు చేయాలి. భారత సుప్రీంకోర్టు 1994లో రాజగోపాల్ కేసులో ఆ బాటనే కొంత నడిచింది. ప్రభుత్వ పదవిలో ఉన్నవారి విధి నిర్వహణ గురించి రాసినప్పుడు, తగినంత సరిచూసుకునే రాశామని పత్రిక చూపిస్తే చాలంది. కానీ అది సివిల్ దావాల మాట. క్రిమినల్ పరువు నష్టం అలాగే ఉంది. 2016లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది, 2024 జులై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్, రెండేళ్ల దాకా జైలు. ఇది తప్పుడు ప్రచారాన్ని ఆపుతుందా అంటే అనుమానమే. పెద్ద లాయర్లున్న పెద్ద నాయకుడికి చిన్న పత్రికను ఊళ్లూళ్లూ కోర్టుల చుట్టూ తిప్పడానికి బాగా ఉపయోగపడుతుంది. ప్రెస్ కౌన్సిల్ నియమాల్లో అచ్చుకు ముందు సరిచూసుకోవడం, అవతలివారి వివరణ వేయడం అన్నీ ఉన్నాయి. తప్పు చేసిన పత్రికను హెచ్చరించడం, మందలించడం, ఖండించడం మించి దానికి అధికారం లేదు. టీవీ ఛానళ్లు దాని పరిధిలోకే రావు.

సవరణ ఎక్కడికి చేరుతుంది

తప్పు తేలాక సవరణ వేస్తే లెక్క సరిపోతుందన్న నమ్మకం కూడా పూర్తిగా నిలవదు. 1994లో హోలిన్ జాన్సన్, కొలీన్ సీఫర్ట్ ఒక ప్రయోగం చేశారు. ఒక గోదాములో అగ్నిప్రమాదం కథ చెప్పారు. గదిలో పెయింట్లు, గ్యాస్ సిలిండర్లు ఉన్నాయని మొదట చెప్పి, తర్వాత అది తప్పు, గది ఖాళీ అని సవరించారు. సవరణ గుర్తున్నవాళ్లు కూడా, పొగ అంత దట్టంగా ఎందుకొచ్చింది అని అడిగితే పెయింట్ల వల్ల అన్నారు. మనసు ఖాళీని ఓర్చుకోలేదు. అసలు కారణం ఇంకేదో చెప్పినప్పుడు మాత్రమే పాత కథ వదిలింది. రాజకీయ ఆరోపణలో సమస్య ఏమిటంటే, “ఆయన తప్పు చేయలేదు” అన్న వాక్యానికి బదులుగా చెప్పడానికి ఇంకో కథ ఉండదు. ఏమీ జరగలేదన్నది కథ కాదు కదా.

సవరణ విన్నా కొందరు పాత నమ్మకాన్నే ఇంకా గట్టిగా పట్టుకుంటారని కొన్నేళ్లు బాగా ప్రచారమైంది. తర్వాతి పరిశోధనల్లో అది అంతగా తేలలేదు. సవరణ పనిచేస్తుంది, విన్నవాళ్ల మీద. వినేదెవరన్నదే చిక్కు. 2006 నుంచి 2017 దాకా ట్విటర్‌లో తిరిగిన సుమారు 1,26,000 కథల మీద ఎంఐటీ పరిశోధకులు జరిపిన అధ్యయనం 2018లో అచ్చయింది. అబద్ధపు వార్తను ఇతరులకు పంపే అవకాశం నిజమైన వార్త కంటే 70 శాతం ఎక్కువని, రాజకీయ అబద్ధాలు అన్నిటికంటే వేగంగా పోతాయని అందులో తేలింది. కారణం బాట్లు (తమంతట తామే పోస్టులు పెట్టే ప్రోగ్రాములు) కాదు, మనుషులే. కొత్తగా, వింతగా ఉన్నదాన్ని పక్కవాళ్లకు చెప్పాలన్న ఆత్రం.

ఆరోపణల వల్ల ఎన్నికలు తలకిందులవుతాయన్నది మాత్రం కొంచెం అతిశయోక్తి. 1924లో బ్రిటన్ ఎన్నికలకు నాలుగు రోజుల ముందు డైలీ మెయిల్ వేసిన “జినోవియెవ్ లేఖ”, సోవియట్ నాయకుడు బ్రిటన్ కమ్యూనిస్టులకు రాసినట్లు చెప్పిన ఉత్తరం, నకిలీదని దాదాపు అందరూ ఒప్పుకుంటారు. లేబర్ పార్టీ ఓడింది. కానీ దాని ఓట్లు అంతకుముందుకన్నా సుమారు పది లక్షలు పెరిగాయి. మునిగింది లిబరల్ పార్టీ. ఓటర్లను మార్చడం తేలిక కాదు. మనుషుల్ని మాత్రం ఇది చంపగలదు. 1936లో ఫ్రాన్స్ హోం మంత్రి రోజే సలాంగ్రో మొదటి ప్రపంచ యుద్ధంలో శత్రువు వైపు పారిపోయాడని రైట్‌వింగ్ పత్రికలు నెలల తరబడి రాశాయి. ఆయన యుద్ధఖైదీగా పట్టుబడ్డ మనిషి. జనరల్ గామెలాన్ నాయకత్వంలో కమిషన్ పత్రాలు చూసి నిర్దోషి అంది. నవంబరు 13న పార్లమెంటు 427-63 ఓట్లతో ఆయన పక్షాన నిలిచింది. అంతకన్నా పెద్ద సవరణ ఏ నాయకుడికీ దొరకదు. అది జరిగిన నాలుగైదు రోజులకే ఆయన లిల్ నగరంలోని తన ఇంట్లో ప్రాణం తీసుకున్నాడు.

కేరళలో ఇస్రో గూఢచర్యం కేసు నడిచిన తీరు చూస్తే ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. 1994 చివర్లో పోలీసు లీకుల మీద మలయాళ పత్రికలు వారాల తరబడి సీరియల్ కథల్లా రాశాయి. మాల్దీవుల మహిళలు, రాకెట్ రహస్యాలు, అమ్ముడుపోయిన శాస్త్రవేత్తలు. ఈ కేసులో పేరు వినిపించిన ఒక పోలీసు ఉన్నతాధికారిని కాపాడుతున్నారన్న నింద ముఖ్యమంత్రి కె. కరుణాకరన్ మెడకు చుట్టుకుంది. సొంత పార్టీలోని వర్గపోరుకు అది ఆయుధమైంది. 1995 మార్చిలో ఆయన రాజీనామా చేశారు. 1996లో సీబీఐ ఆ గూఢచర్యమే జరగలేదని తేల్చింది. శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు 50 లక్షల రూపాయల పరిహారం ఇవ్వాలని, తప్పు చేసిన అధికారుల మీద చర్యలకు దారి చూపడానికి ఒక కమిటీ వేయాలని సుప్రీంకోర్టు చెప్పేసరికి 2018 సెప్టెంబరు వచ్చింది. కరుణాకరన్ చనిపోయి అప్పటికి ఏడేళ్లు దాటింది. ఆ కమిటీ చూడాల్సింది పోలీసు అధికారుల పాత్రను. ఆ కథలు అచ్చు వేసిన పత్రికల పాత్ర దాని పరిధిలో లేదు.